ఆసుపత్రి చీటీ లేకుండా పట్నానికి ఒక రోజు



మన ప్రాంతంలో పట్నం అంటే హైదరాబాదే. సంగారెడ్డి నుండి, సదాశివపేట నుండి, పటాన్‌చెరు నుండి పొద్దున బస్సు ఎక్కితే ఎండ ముదరక ముందే చేరుకునే ఊరు. అయినా మనలో చాలామందికి ఆ ఊరిలో మూడు తలుపులే తెలుసు. ఒకటి ఆసుపత్రి తలుపు, రెండోది కోర్టు తలుపు, మూడోది ఏదో ఒక ఆఫీసు తలుపు. ఉస్మానియాలో అత్తను చూపించడానికి వెళ్తాం, నీలోఫర్‌లో బిడ్డను చూపించడానికి వెళ్తాం, భూమి కాగితం కోసం వెళ్తాం. చేతిలో చీటీ, మనసులో బెంగ, వరుసలో నిలబడి నిలబడి కాళ్ల నొప్పి. పని అయితే అయినట్టు, కాకపోతే రేపు రమ్మన్నారని చెప్పుకుంటూ తిరుగు బస్సు పట్టుకుంటాం.

సంఘాల్లో కుటుంబ కూటములకు వెళ్లినప్పుడు మేము ఒక ప్రశ్న వేస్తుంటాం. "ఏ పనీ లేకుండా, ఊరికే చూసి రావడానికి, ఇంటిల్లిపాదీ కలిసి పట్నం ఎప్పుడు వెళ్లారు?" మగవారు నవ్వి ఊరుకుంటారు. అక్కలు మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఒక అక్క అన్న మాట మాకు గుర్తుండిపోయింది. "పెళ్లయి పద్నాలుగేండ్లు. పట్నంలో నేను చూసింది వార్డు, మందుల దుకాణం, బస్టాండు. చార్మినార్ బొమ్మ బిస్కెట్ డబ్బా మీదనే చూసిన" అన్నది. ఆమె ఇల్లు చార్మినారుకు నలభై కిలోమీటర్ల దూరంలో కూడా లేదు.

ఈ నెల ఈ శీర్షికలో ఆ అక్క కోసమే రాస్తున్నాం. తక్కువ ఖర్చుతో, అప్పు చేయకుండా, ఒక్క రోజులో, కుటుంబమంతా కలిసి హైదరాబాదు పాత నగరాన్ని యాత్రికుల్లాగా చూసి రావడం ఎలాగో, అసలు ఎందుకు చూడాలో ఆలోచిద్దాం.

ఇది లోకాశ కాదా?

కొందరు పెద్దలు ఇలా అడుగుతారు. "తిరగడానికి పెట్టే డబ్బు మందిరంలో ఇస్తే పుణ్యకార్యమైనా అవుతుంది కదా?" మంచి ప్రశ్నే. దేవునికి ఇవ్వవలసినది ముందుగా ఇవ్వాలి, పిల్లల ఫీజు కట్టాలి, కిరాణా బాకీ తీర్చాలి. ఈ మూటిని దాటి ఎవరూ పట్నం వెళ్లనక్కరలేదు. కానీ అన్నీ సర్దుకున్నాక మిగిలే కొద్దిపాటి డబ్బుతో భార్యకు, పిల్లలకు ఒక రోజు ఇవ్వడం దుబారా అని మేము అనుకోము. తినడానికి కూడా తీరిక లేనంతగా జనం వచ్చిపోతున్నప్పుడు ప్రభువు తన శిష్యులను ఏకాంతంగా వచ్చి కొంచెం అలసట తీర్చుకోమన్నాడని మార్కు సువార్త 6వ అధ్యాయంలో చదువుతాం. పన్నెండు గంటల షిఫ్టు చేసి, దానిపైన ఓటీ చేసి వచ్చే మన అన్నలకు ఈ మాట వర్తించదా?

పట్టణాన్ని చూడడం గురించి కూడా వాక్యము మౌనంగా లేదు. 48వ కీర్తన చివర సీయోను చుట్టూ తిరిగి దాని బురుజులు లెక్కపెట్టమని, ప్రాకారములను బాగా చూడమని, రాబోయే తరానికి వివరించమని ఉంది. అపొస్తలుడైన పౌలు ఏథెన్సులో స్నేహితుల కోసం ఎదురు చూస్తూ గదిలో కూర్చోలేదు. వీధుల్లో తిరిగి అక్కడి జనం దేనిని పూజిస్తున్నారో జాగ్రత్తగా చూశాడు. చూశాడు కనుకనే వారితో వారికి అర్థమయ్యే విధంగా మాట్లాడగలిగాడు. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం తీసి చదవండి. చూడని ఊరి కోసం ప్రార్థించడం కష్టం, ఎరుగని పొరుగువారిని ప్రేమించడం ఇంకా కష్టం.

మరో మాట కూడా చెప్పాలి, బరువైన మాటే. 2025 జూన్ 30న పాశమైలారం పారిశ్రామికవాడలో జరిగిన పేలుడు మన ప్రాంతంలో ఎవరూ మరిచిపోలేదు. పొద్దున డబ్బా పట్టుకుని డ్యూటీకి వెళ్లినవారు సాయంత్రం ఇంటికి రాలేదు. వారిలో ఎందరో దూర రాష్ట్రాల నుండి బ్రతుకుదెరువుకు వచ్చినవారు. "వచ్చే సంవత్సరం చూద్దాం, పిల్లలు పెద్దయ్యాక చూద్దాం" అని మనం అన్నిటినీ వాయిదా వేస్తాం. రేపు మన చేతిలో లేదని యాకోబు పత్రిక చెబుతూనే ఉంది. కుటుంబంతో గడిపే ఒక రోజును కూడా దేవుని చిత్తమైతే ఈ నెలలోనే అనుకోవడం మంచిది.

ఎప్పుడు వెళ్లాలి, ఎలా వెళ్లాలి?

ఆదివారం ఆరాధన మాని వెళ్లమని మేము చెప్పము. కంపెనీలో మీ సెలవు వేరే రోజున వస్తే ఆ రోజు, లేదా దసరా, సంక్రాంతి బడి సెలవుల్లో ఒక శనివారం చూసుకోండి. శుక్రవారం మాత్రం వద్దు. ఆ రోజు సాలార్‌జంగ్ మ్యూజియం మూసి ఉంటుంది, మక్కా మసీదు దగ్గర జుమా నమాజు రద్దీ ఉంటుంది. పండుగ సెలవు రోజైతే మ్యూజియం తెరిచి ఉంటుందో లేదో ముందుగా ఫోనులో కనుక్కోండి. ఏప్రిల్, మే నెలల ఎండలో చిన్నపిల్లలతో నడవడం కష్టం. వానలు తగ్గిన అక్టోబరు నుండి ఫిబ్రవరి వరకు అనువైన కాలం.

పటాన్‌చెరు నుండి కోఠి వరకు 218 నంబరు సిటీ బస్సు వెళ్తుంది. సంగారెడ్డి వైపు వారు ఆర్డినరీ బస్సులోనో ఎక్స్‌ప్రెస్‌లోనో పట్నం వెళ్లవచ్చు. 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం వలన తెలంగాణ ఆడవారికి, ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. ఆధార్ కార్డు మరిచిపోకుండా పెట్టుకోండి. అంటే ఇద్దరు ఆడపిల్లలున్న ఇంట్లో టికెట్టు తీసుకోవలసింది నాన్న ఒక్కడే! మియాపూర్ దాకా వచ్చి మెట్రో రైలెక్కితే ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లోనో, మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దగ్గరో దిగవచ్చు. పిల్లలకు రైలు సరదా తీరుతుంది. కానీ అందులో అందరికీ టికెట్టు తప్పదు. వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు బస్సు అనుకుంటే రెండూ కుదురుతాయి.

డబ్బు విషయంలో మా సలహా ఒక్కటే. బయలుదేరే ముందు రాత్రి ఒక కవరులో ఐదారు వందలు పెట్టండి. ఆ రోజు ఖర్చంతా ఆ కవరులో నుండే. కవరు ఖాళీ అయితే ఇంటికి బయలుదేరాలి. మగవారి బస్సు చార్జీ, చూసే చోట్ల ప్రవేశ రుసుము, అందరికీ ఒకసారి చాయ్, ఇంటికి ఒక చిన్న వస్తువు, ఈ నాలుగే ఖర్చులు. తిండి ఇంటి నుండే. జొన్నరొట్టెలు, పల్లీల పొడి, పులిహోర కట్టుకుంటే బలం, రుచి, పొదుపు మూడూ కలుగుతాయి. చార్మినారు కేంద్ర పురావస్తు శాఖ ఆధీనంలో ఉంది గనుక పదిహేనేండ్ల లోపు పిల్లలకు అక్కడ టికెట్టు ఉండదు. కవరును ఈసారి అమ్మ చేతికివ్వండి. ఇంటి ఖర్చు నడిపేది ఆమే, ఆ రోజు లెక్క కూడా ఆమెకే బాగా తెలుస్తుంది.

ఒకే దారి, ఒకే పేట

అంతా ఒక్కరోజులో చూడాలనుకుంటే ఏదీ చూడలేము. గోల్కొండ, ట్యాంక్‌బండ్, జూపార్కు అన్నీ కలిపితే బస్సుల్లోనే పొద్దు గుంకుతుంది. అందుకే అఫ్జల్‌గంజ్ నుండి చార్మినార్ దాకా ఒకే దారి పట్టుకోండి. నడిచే దారి, పెద్ద దూరం కాదు. దారి పొడవునా నాలుగు వందల ఏండ్ల చరిత్ర ఉంది.

మొదటి మజిలీ మనకు తెలిసిన చోటే, ఉస్మానియా ఆసుపత్రి. ఎన్నోసార్లు వెళ్లాం కానీ ఆ ఆవరణలో ఒక పాత చింతచెట్టు ఉన్న సంగతి ఎందరికి తెలుసు? 1908 సెప్టెంబరు 28న మూసీ నదికి పెద్ద వరద వచ్చింది. ఎగువన చెరువులు ఒకదాని తరువాత ఒకటి తెగి, ఆ నీళ్లన్నీ నగరం మీద పడ్డాయి. వేలమంది చనిపోయారు. ఈ చింతచెట్టు కొమ్మలను పట్టుకుని సుమారు 150 మంది బ్రతికి బయటపడ్డారని చెబుతారు. చెరువు కట్ట తెగితే ఏమవుతుందో పల్లెవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. పిల్లలను ఆ చెట్టు దగ్గర నిలబెట్టి ఈ సంగతి చెప్పండి. జక్కయ్య ప్రభువును చూడడానికి చెట్టెక్కాడు, వీరు ప్రాణం దక్కించుకోవడానికి ఎక్కారు. అక్కడ రోగులు, వారి బంధువులు ఉంటారు గనుక నెమ్మదిగా మాట్లాడండి, ఫొటోల కోసం గుంపులు కట్టకండి. కూర్చున్న ఏ అవ్వకైనా మంచినీళ్లు కావాలా అని అడిగితే మీ యాత్ర ఆశీర్వాదంతో మొదలైనట్టే.

అక్కడి నుండి మూసీ మీది నయాపుల్ దాటాలి. వంతెన మీద కాసేపు ఆగండి. ఆ వరద తరువాత ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన ఇచ్చిన సలహాల ఫలితంగా మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ కట్టడం పూర్తయ్యాయి. మనం గండిపేట అనేది ఉస్మాన్‌సాగర్‌నే. ఆ నీళ్లు చాలక తరువాతి కాలంలో నగరం మన వైపు చూసింది. సంగారెడ్డి దగ్గరి మంజీర నీళ్లు, ఆ పైన సింగూరు నీళ్లు పైపుల్లో పట్నానికి చేరాయి. పట్నం వేరు, మనం వేరు అనుకుంటాం కానీ వారి కుండలో మన మంజీర ఉంది. నది ఇప్పుడు ఎంత మురికిగా ఉందో పిల్లలు అడుగుతారు. మన నక్కవాగు సంగతి ఎరిగిన పటాన్‌చెరు తల్లిదండ్రులు దానికి జవాబు చెప్పగలరు. దేవుడిచ్చిన నీటిని మనుష్యులు ఎలా వాడుకున్నారో అక్కడ నిలబడి చెబితే బడిలో పాఠం కంటే ఎక్కువ నాటుకుంటుంది. వంతెన దిగగానే కుడివైపున ఎర్రరాయి గుమ్మటాలతో కనిపించేది హైకోర్టు. దావాల పని మీద వచ్చినవారు ఈసారి దాన్ని భయం లేకుండా తలెత్తి చూడవచ్చు.

రాతిలో రిబ్కా

ఎడమవైపున ఉన్నది సాలార్‌జంగ్ మ్యూజియం. నిజాం రాజ్యంలో ప్రధానిగా పనిచేసిన మూడవ సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీఖాన్, తన ఆదాయంలో పెద్ద భాగాన్ని వస్తువులు సేకరించడానికి వెచ్చించి, పెళ్లి చేసుకోకుండానే 1949లో చనిపోయాడు. ఆయన, ఆయన పూర్వీకులు సేకరించినవాటితో 1951 డిసెంబరు 16న జవహర్‌లాల్ నెహ్రూ ఈ మ్యూజియం ప్రారంభించారు. ఇప్పుడున్న భవనంలోకి 1968లో మార్చారు. రుసుము ఎంతో బోర్డు మీద రాసి ఉంటుంది. సంచులు బయట అప్పగించవలసి ఉంటుంది గనుక సద్ది ముందే తినేసి లోపలికి వెళ్లండి.

లోపల ఎన్నో గదులు. అన్నీ తిరిగితే పిల్లలు అలసిపోతారు. రెండు వస్తువులు మాత్రం తప్పక చూడండి.

మొదటిది ముసుగు వేసుకున్న రిబ్కా పాలరాతి విగ్రహం. ఇటలీ శిల్పి బెంజోని చెక్కినది. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోము వెళ్లినప్పుడు కొని తెచ్చాడు. రాయిని చెక్కి పలుచని బట్టలాగా చేశాడు ఆ శిల్పి. ముసుగు వెనుక ముఖం కనిపిస్తున్నట్టే ఉంటుంది. చుట్టూ నిలబడేవారిలో చాలామందికి ఆమె ఎవరో తెలియదు. మన సండేస్కూల్ పిల్లలకు తెలుసు! ఆదికాండము 24వ అధ్యాయంలో ఇస్సాకును దూరం నుండి చూసి ఒంటె దిగి ముసుగు వేసుకున్న రిబ్కా ఆమే. ఆ అధ్యాయాన్ని ముందురోజు రాత్రి కుటుంబ ప్రార్థనలో చదువుకుని వెళ్లండి. ఆమె ఒక బాటసారికి నీళ్లిచ్చి ఊరుకోలేదు, అతని పది ఒంటెలకు కూడా బావి నుండి తోడిపోసింది. బోరింగు దగ్గర బిందె మీద బిందె మోసిన మన అక్కలకు ఆ పని బరువు తెలుసు. ఇంకొక సంగతి. ఈ మనుష్యునితో వెళ్తావా అని ఇంటివారు రిబ్కాను అడిగారు, ఆమె వెళ్తానని తన నోటితో చెప్పింది. ఆడపిల్లను అడిగి పెళ్లి నిశ్చయించాలన్న పాఠం అంత పాత గ్రంథంలో ఉంది. పెండ్లీడు కూతురున్న తల్లిదండ్రులు ఆ విగ్రహం ముందు ఒక నిమిషం ఆలోచించండి.

రెండోది పాటల గడియారం. గంట అయ్యే సమయానికి దాని ముందు జనం కూర్చుంటారు. చిన్న బొమ్మ బయటికి వచ్చి ఎన్ని గంటలైతే అన్నిసార్లు కొట్టి లోపలికి పోతుంది. మధ్యాహ్నం పన్నెండుకు పిల్లల సంతోషం చెప్పనలవి కాదు. అదే గడియారంలో ఇంకో బొమ్మ ఉంది, కమ్మరి. అతడు సెకనుకొకసారి సుత్తి కొడుతూనే ఉంటాడు, ఆగడు. మాతో వచ్చిన ఒక అన్న, ఫౌండ్రీలో పనిచేస్తాడు, దాన్ని చూసి "వీడిదీ నా డ్యూటీయే, వీక్లీ ఆఫ్ లేదు పాపం" అన్నాడు. అందరం నవ్వాం. ఆ అన్న భార్య మాత్రం ఆయన భుజం మీద చేయి వేసి చాలాసేపు అలాగే నిలబడింది.

చార్మినార్ దాకా

మ్యూజియం దాటి ముందుకు నడిస్తే మదీనా చౌరస్తా, ఆ తరువాత పత్తర్‌గట్టి. రాతి కమానుల కింద వరుసగా దుకాణాలు. నగరాన్ని బాగుచేయడానికి 1912లో ఏర్పడిన సంస్థ వరద తరువాతి కాలంలో కట్టించిన వీధి ఇది. ఇంకా ముందు నాలుగు పెద్ద కమానులు, వాటి మధ్య గుల్జార్‌హౌజ్ అనే నీటి తొట్టి. దాని దగ్గర అందరూ ఒక ఒప్పందం చేసుకోండి. ఎవరైనా తప్పిపోతే తిరిగి ఇక్కడికే రావాలి. చిన్నపిల్లల జేబులో నాన్న ఫోను నంబరు రాసిన చీటీ పెట్టండి. ఇప్పుడు అవసరమైన చీటీ అది ఒక్కటే.

చార్మినారును 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించాడు. అది హిజ్రీ శకంలో వెయ్యవ సంవత్సరం. ఈ కట్టడం చుట్టూ హైదరాబాదు నగరం నాలుగు దిక్కులా పెరిగింది. నాలుగు వైపులా కనిపించే గడియారాలు 1889లో పెట్టినవి. పైకి వెళ్లే మెట్లు ఇరుకు, ఎత్తు ఎక్కువ. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు కిందనే ఉండి చంటిపిల్లలను చూసుకుంటే మిగిలినవారు ఎక్కి రావచ్చు. పైనుండి చూస్తే నాలుగు దారులు శిలువలాగా కలుస్తాయి. పక్కనే మక్కా మసీదు. కుతుబ్‌షాహీల కాలంలో మొదలై, 1694లో ఔరంగజేబు కాలంలో పూర్తయింది. చూడాలనుకుంటే నమాజు వేళ కాకుండా చూసుకుని, చెప్పులు విడిచి, తలమీద కొంగు వేసుకుని మర్యాదగా వెళ్లండి. మన మందిరానికి వచ్చే పరాయివారు ఎలా ఉండాలని కోరుకుంటామో అక్కడ మనం అలా ఉండాలి.

చార్మినారుకు పడమర లాడ్‌బజార్. లక్క గాజులకు పేరుపొందిన వీధి. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. లక్కను వేడిచేసి, ఒత్తి, చుట్టి, దానిలో చిన్న చిన్న అద్దాలు, రాళ్లు పొదుగుతారు. ఎక్కువ ఇళ్లలో చేసేది ఆడవారే. కొనేటప్పుడు బేరం చేయండి, కానీ చేసినవారి చేతివేళ్లు కాలి ఉంటాయని గుర్తుపెట్టుకుని చేయండి. కవరులో మిగిలిన డబ్బుతో అమ్మకు ఒక జత కొంటే ఆ రోజుకు అదే చాలు. చివరగా ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్టు. తరువాత బస్సు.

భయం సంగతి

ఇంతవరకు చదివి కొందరు అనుకుంటారు, "అంతా బాగానే ఉంది, కానీ పాతబస్తీ కదా?" ఈ భయం మన ఇళ్లలో ఉంది, దాచడం దేనికి? 1990 డిసెంబరులో అల్లర్లు, రోజుల తరబడి కర్ఫ్యూ మన పెద్దలకు గుర్తే. 2007 మే 18న మక్కా మసీదులో నమాజుకు వచ్చినవారి మధ్యనే బాంబు పేలింది. అదే సంవత్సరం ఆగస్టు 25న లుంబినీ పార్కులో, కోఠిలో పేలాయి. చనిపోయినవారు అన్ని మతాలవారు. అయితే ఆ వీధుల్లో ప్రతిరోజూ లక్షలమంది తిరుగుతున్నారు, గాజులు అమ్ముతున్నారు, పండ్లు తూకం వేస్తున్నారు, పిల్లలను బడికి పంపుతున్నారు. జేబు జాగ్రత్త ఏ సంతలోనైనా అవసరమే. మాతో వచ్చిన ఒక అవ్వ నడవలేక గాజుల దుకాణం మెట్టు మీద కూలబడింది. ఆ దుకాణం తల్లి, నల్ల బురఖా వేసుకున్న పెద్దామె, లోపల నుండి స్టూలు తెచ్చి వేసి, "అమ్మా, ఆరామ్‌గా కూర్చో" అని నీళ్లిచ్చింది. మన అవ్వకు ఉర్దూ రాదు, ఆమెకు తెలుగు కొంచెమే వచ్చు. అయినా అరగంట ఇద్దరూ మోకాళ్ల గురించి, కోడళ్ల గురించి మాట్లాడుకున్నారు! మంచి సమరయుని కథను మనం ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. మనకు సహాయం చేసే సమరయుడు ఎదురైనప్పుడు ఆయనను గుర్తుపట్టడం కూడా ఆ కథలో భాగమే.

మన ఊరూ పాతదే

పట్నం చూసి వచ్చాక మన ఊరు చిన్నబోతుందేమో అనుకోకండి. హైదరాబాదు పుట్టక ముందే పటాన్‌చెరు ఉంది. పాత పుస్తకాల్లో పొట్లచెరువు అంటారు. ఇబ్రహీం కుతుబ్‌షా 1550 నుండి 1580 వరకు గోల్కొండను ఏలాడు. ఆయన కొలువులోని అమీన్‌ఖాన్ మన పటాన్‌చెరులో ఉండేవాడు. తొలి అచ్చతెలుగు కావ్యంగా పేరొందిన యయాతి చరిత్రను పొన్నికంటి తెలగన అనే తెలుగు కవి ఈ అమీన్‌ఖాన్‌కే అంకితమిచ్చాడు. ముస్లిము ప్రభువు, తెలుగు కవి, ఒక్క సంస్కృత పదం లేకుండా రాయాలన్న పట్టుదల. కంపెనీ పొగగొట్టాల ఊరని మనం తీసిపారేసే ఊరికి ఇంత ఘనత ఉంది.

పట్నం దాకా పోలేనివారు సంగారెడ్డిలోనే పాత జైలు చూడవచ్చు. 1796లో కట్టిన ఆ జైలును తరువాత మ్యూజియంగా మార్చారు. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 13వ అధ్యాయంలో బంధకములలో ఉన్నవారిని జ్ఞాపకం చేసుకోమన్న మాట అక్కడి గదుల ముందు బాగా అర్థమవుతుంది. మెదక్ మహాదేవాలయం సరేసరి. కరువు కాలంలో పనికి ఆహారం ఇస్తూ పాస్నెట్ దొరగారు కట్టించిన ఆ మందిరం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించబడింది. మన తాతలు రాళ్లు మోసిన మందిరం అది.

ఇంటికి వచ్చాక

యాత్ర బస్సు దిగడంతో ముగియకూడదు. ఆ రాత్రి అన్నం తినేటప్పుడు ఒక్కొక్కరు ఒక్కొక్క మాట చెప్పాలి: నేను చూసినవాటిలో నాకు నచ్చింది ఏది, నాకు బాధ కలిగించింది ఏది? చిన్నవారు ముందు చెప్పాలి, నాన్న చివర చెప్పాలి. పదేండ్ల పిల్లవాడి కంట ఏమి పడిందో విని మీరే ఆశ్చర్యపోతారు. మాతో వచ్చిన ఒక బాబు విగ్రహం గురించి, గడియారం గురించి ఏమీ అనలేదు. "మా నాన్న రోజంతా నాతోనే ఉన్నడు" అన్నాడు.

మరునాడు ఎప్పటిలాగే డబ్బా, డ్యూటీ, బడి. పట్నానికి మళ్లీ ఆసుపత్రి చీటీతో వెళ్లే రోజులు కూడా వస్తాయి. అప్పుడు ఆ ఆవరణలోని చింతచెట్టు మీకు తెలిసిన చెట్టుగా ఉంటుంది. బెంగతో కూర్చున్న రోజున తెలిసిన చెట్టు ఒకటి ఉండడం చిన్న సంగతి కాదు.

చెరలో ఉన్న తన ప్రజలతో దేవుడు ప్రవక్తయైన యిర్మీయా ద్వారా ఏమి చెప్పించాడో 29వ అధ్యాయం 7వ వచనంలో చూడండి. తాము ఉన్న పట్టణపు క్షేమాన్ని కోరి దాని కోసం ప్రార్థించాలని, దాని క్షేమంలోనే వారికి క్షేమం ఉందని చెప్పాడు. ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఆ వచనం చదవండి. గాజులు చేసే తల్లుల కోసం, ఆసుపత్రి మెట్ల మీద పడుకునేవారి కోసం, మూసీ, మంజీర నదుల కోసం, మన పారిశ్రామికవాడలో రాత్రి షిఫ్టు చేసే ప్రతి ఒక్కరు క్షేమంగా ఇంటికి రావాలని ప్రార్థించండి.

ప్రభువు మీ రాకపోకలను కాపాడును గాక. ఆమేన్.